చెట్లెక్కేవాళ్ల కాన్ఫరెన్సు: మనోళ్లు నన్ను అడిగేవి, నేను చెప్పేవి

మాది కవిటి పక్క ఊరు, పని శ్రీకాకుళంలో. నలుగురం జట్టు. ఇళ్ల మీదకి వాలిన చెట్లు, స్కూళ్లలో ఎండుకొమ్మలు, తుఫానొస్తే రోడ్ల మీద పడ్డవి, ఇవే మా పని. రెండు కాన్ఫరెన్సులకి వెళ్లొచ్చా, ఒకటి కేరళలో కొబ్బరి ఎక్కేవాళ్లది, రెండోది బెంగుళూరులో ఊళ్లోని చెట్ల పని చేసేవాళ్లది. వెళ్లొచ్చిన కాడ్నుంచి టెక్కలి నుంచి ఒకరు, బొబ్బిలి నుంచి ఒకరు, సోంపేట నుంచి ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడుగుతన్నారు, చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి ఇదిగో అన్నీ ఒకచోట రాసి పడేస్తన్నా.

ఏటి బాబూ, చెట్టెక్కడానికి కూడా మీటింగులేటి?

ఇది ముందు మా పెద్దమ్మ అడిగింది. ఆవిడ అడగడంలో న్యాయం ఉంది, కొబ్బరితోటల ఉద్దానంలో పుట్టినోడికి చెట్టెక్కడం ఇంకొకడు నేర్పాలా. కానీ ఆ మీటింగుల్లో ఎక్కడం గురించి మాట్లాడేది తక్కువ. ఎక్కినోడు పైన ఏ కొమ్మ ఎక్కడ కోయాలి, ఏ తాడు ఎంత బరువు ఆపుద్ది, తెగిన కొమ్మని ఇంటి రేకుల మీద పడకుండా ఎలా దింపాలి, పైనోడికి దెబ్బ తగిలితే కిందోడు ఏం చేయాలి, ఇవీ అక్కడి సంగతులు. రెండు మూడు రోజులు ఉంటది. హాల్లో క్లాసులు, బయట నిజం చెట్ల మీద డెమోలు, ఓ పక్కన సామాను అమ్మే స్టాళ్లు. పెద్దమ్మకి మాత్రం జాతర లాంటిదే అని చెప్పా, వెంటనే ఒప్పేసుకుంది.

అర్బరిస్ట్ అంటే ఎవరు? తోటమాలా, ఫారెస్టోళ్లా?

రెండూ కాదు. అడవి మొత్తాన్ని చూసేది ఫారెస్టోళ్లు. ఒక్కో చెట్టుని విడివిడిగా, మనిషిని డాక్టరు చూసినట్టు చూసేవాడు అర్బరిస్ట్. చెట్టు ఉంచాలా తీసేయాలా, ఉంచితే ఏ కొమ్మ తీయాలి, వేరు కుళ్లిందా, గాలికి ఆగుద్దా, ఇదంతా చెప్పగలగాలి. అందరు అర్బరిస్టులూ చెట్టెక్కరు, కొందరు కిందే ఉండి చూసి రాసిస్తారు. చెట్టెక్కే వాళ్లందరూ అర్బరిస్టులు కూడా కాదు, అందులో మొదటోణ్ణి నేనే.

ఇవి ఎక్కడెక్కడ జరుగుతాయి?

ప్రపంచంలో ఈ పనికి పెద్ద సంఘం అమెరికాలో ఉంది, ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ అర్బొరికల్చర్ అంటారు, పొట్టిగా ఐఎస్ఏ. 1924లో మొదలైంది, అంటే వందేళ్లు దాటింది. ఏటా ఒక కాన్ఫరెన్సు పెడతారు, 2022లో స్వీడన్‌లోని మాల్మోలో పెట్టారు, వందేళ్ల పండగ 2024లో అట్లాంటాలో అయింది. వాళ్లదే చెట్లెక్కే పోటీ కూడా ఉంది, 1976 నుంచి నడుస్తంది.

అంత దూరం మనం ఇప్పుడే వెళ్లక్కర్లేదు. నా సలహా అడిగితే ముందు మన దేశంలో జరిగేవి చూడండి. కొబ్బరి పనోళ్లయితే కోకోనట్ డెవలప్‌మెంట్ బోర్డు వైపు చూడాలి, దాని హెడ్డాఫీసు కొచ్చిలో ఉంది. 2011లో కేరళలో ‘ఫ్రెండ్స్ ఆఫ్ కోకోనట్ ట్రీ’ అని ఒక ట్రైనింగ్ మొదలెట్టారు, మిషనుతో చెట్టెక్కడం, మొవ్వు శుభ్రం చేయడం, పురుగుమందు పెట్టడం అన్నీ నేర్పుతారు. సెప్టెంబరు 2 ప్రపంచ కొబ్బరి దినం, ఆ చుట్టుపక్కల రోజుల్లో సభలూ ఎగ్జిబిషన్లూ పడతాయి, ఓ చెవి అటు వేసి ఉంచండి.

మాది కల్లుగీత. మోకు కట్టి తాటిచెట్టు ఎక్కేవాళ్లం, మాకు అక్కడేం పని?

మీకే ఎక్కువ పని అంటాను. నడుముకి మోకు, కాళ్లకి బంధం వేసుకుని మీరెక్కే పద్ధతి, అక్కడ కరెంటు స్తంభాలెక్కేవాళ్లూ చెట్లు తీసేసేవాళ్లూ వాడే బెల్టు పద్ధతి, రెండింటికీ మూలం ఒకటే, మాను చుట్టూ ఒక తాడు తిప్పి వెనక్కి వాలి బరువుతో నిలబడటం. తేడా ఏంటంటే వాళ్ల తాడు లోపల స్టీలు తీగ ఉంటది, నడుము బెల్టుకి వేరే ఇంకో తాడు కూడా ఉంటది. మోకు తెగితే మనకి రెండోది లేదు. తాటి మీద మట్టలు దాటేటప్పుడు మోకు విప్పి పైకి వేస్తారు చూడండి, ఆ పది సెకన్లు మనిషిని పట్టుకున్నది ఏదీ ఉండదు. అక్కడ ఏ క్లాసుకి వెళ్లినా మొదట చెప్పే మాట అదే, కాలు నేల వదిలిన కాడ్నుంచి మళ్లీ నేల తాకేదాకా ఒక్క క్షణం కూడా తాడు లేకుండా ఉండకూడదు, రంపం చేతిలో ఉంటే రెండు చోట్ల కట్టుకుని ఉండాలి.

కొబ్బరోళ్లకి ఇంకో మాట. కొన్నిచోట్ల మానుకి మెట్లు కొట్టి ఎక్కుతారు కదా, చింతకో వేపకో గాటు పడితే చుట్టూ బెరడు పెరిగి నెమ్మదిగా మూసుకుంటది, కొబ్బరికి తాటికి అలా మూసుకునే పొర లేదు. ఈ రోజు కొట్టిన మెట్టు చెట్టు చచ్చేదాకా అలాగే నోరు తెరుచుకుని ఉంటది, అందులోంచి నీళ్లూ తెగులూ పోతాయి. అందుకే మిషను పెట్టి ఎక్కమంటారు. కేరళలో చెంబేరి మిషను అని ఎక్కువగా వాడతారు, రెండు కాళ్లకి రెండు భాగాలు, మాను చుట్టూ స్టీలు తీగ, నడిచినట్టే ఎక్కేయొచ్చు. నేను మొదటిరోజు ఎక్కి నవ్వులపాలయ్యా, మా కాళ్లకి బంధమే అలవాటు. రెండోరోజుకి కుదిరింది. స్పీడుగా దింపు చేసే కుర్రాడికి ఇది నెమ్మది అనిపిస్తది, యాభై దాటిన వాళ్లకి మాత్రం మోకాళ్లు బతికిపోతాయి.

ఇంగ్లీషు రాదు, సిగ్గుగా ఉండదా?

క్లాసుల్లో కొంచెం ఇబ్బందే, కొన్ని తల మీంచి వెళ్లిపోతాయి, అది దాచడం ఎందుకు. బయట చెట్టు దగ్గర మాత్రం భాష అక్కర్లేదు, ముడి వేసి చూపిస్తే చూసి వేయడమే. బ్లేక్స్ హిచ్ అని ఒక ముడి ఉంది, తాడు మీద జరుగుద్ది, బరువు పడితే బిగుసుకుంటది. దాన్ని నాకు నేర్పింది ఒక్క తెలుగు ముక్క రాని తమిళ కుర్రాడు. నాలుగుసార్లు తప్పేశా, అయిదోసారి నా వేలు పట్టుకుని తాడు చుట్టించాడు.

టీ టైములో మీ దగ్గర చెట్ల విషయంలో ఏముందీ అని అడుగుతారు, అప్పుడు నోరు మూసుకోకండి. నేను విజయనగరం సిరిమాను గురించి చెప్పా. చింతమాను ఎక్కడుందో పైడితల్లి అమ్మవారు పూజారి కలలో చెప్తుందని, యాభై అడుగులు దాటిన ఆ మాను చివర పూజారి కూర్చుంటే లక్షల జనం మధ్య ఊరేగిస్తారని చెప్తే, ఒకాయన ఆగి, ఆయన హార్నెస్ (పడిపోకుండా నడుముకీ తొడలకీ బిగించుకునే పట్టీలు) వేసుకుంటాడా అనడిగాడు. వేసుకోడండీ అన్నా. ఆయన ఇంకేం మాట్లాడలేదు, టీ తాగేశాడు.

రోజంతా ఏం చేస్తారక్కడ?

పొద్దున్న హాల్లో క్లాసులు. నా మాట వింటే హాల్లో ఒక్కటే వినండి, మిగతా టైమంతా చెట్ల దగ్గర గడపండి. పోటీలు గానీ ఉంటే అస్సలు వదలొద్దు. ఐఎస్ఏ పద్ధతిలో పోటీకి అయిదు ముక్కలు ఉంటాయి. ఒకటి త్రోలైన్, సన్నతాడుకి చిన్న బరువు సంచి కట్టి పైన చెప్పిన కొమ్మల సందులోకి విసరడం. మనం గుంటప్పుడు మామిడికాయలకి రాయి విసిరాం కాబట్టి ఇది మనకి సులువే అనుకున్నా, నా సంచి వెళ్లి పక్క చెట్టు మీద ఇరుక్కుంది. ఒకటి తాడు పట్టుకుని నిట్టనిలువుగా ఎక్కడం, ఒకటి కొమ్మల మీదుగా స్పీడుగా ఎక్కడం. ఇంకోటి వర్క్ క్లైంబ్, చెట్టు మీద అక్కడక్కడా గంటలు కడతారు, వాటిని చేరి రంపంతో కొట్టి మోగించాలి, కొమ్మ చివరికంటా నడవాలి, అన్నీ అయ్యాక చెప్పిన చోటే దిగాలి. చూడ్డానికి కోతిలా ఉంటది, కానీ కాలు ఎక్కడ పడితే అక్కడ వేస్తే మార్కులు పోతాయి, తాడు జారి వదులైపోయినా పోతాయి. అయిదోది రెస్క్యూ, పైన దెబ్బ తగిలి ఇరుక్కున్న మనిషిని కిందకి దింపడం. దాని గురించి విడిగా రాస్తా.

మీరు ఎప్పుడు చూసినా రెస్క్యూ రెస్క్యూ అంటారు, అంత ఏముంది అందులో?

ఇది కొంచెం పెద్దది, ఓపిక పట్టండి.

2019 వేసవిలో ఒక ఇంటి వెనక చింతచెట్టు పని పట్టాం. జట్టులో అందరికన్నా చిన్న గుంటడు పైన ఉన్నాడు, ముప్పై అడుగులుంటది. అప్పటికి నేను తాళ్లూ హార్నెస్సూ కొన్నా, వీడియోలు చూసి నేర్చుకున్నా, అంతా వచ్చేసిందనే ధీమా. కోసిన కొమ్మ ఊగి వెనక్కొచ్చి వాడి భుజానికి తగిలింది. చెయ్యి లేవట్లేదు. ఒంటిచేత్తో ముడి జరపలేక అలా హార్నెస్‌లో వేలాడిపోయాడు. కింద మేం ముగ్గురం. మా దగ్గర ఒకటే తాడు, ఆ తాడు మీదే వాడున్నాడు. నేనెక్కాలంటే తాడు లేదు. మోకు ఎక్కేవాళ్లని పిలుద్దామంటే చింతమాను మోకుకి అందేది కాదు, ఇద్దరు చేతులు చాపినా అందదు. ఇంటాయన నిచ్చెన పన్నెండు అడుగులు. చివరికి టెంట్‌హౌస్ వాడి దగ్గర్నుంచి పొడుగు వెదురు నిచ్చెన ఆటో మీద వేసి తెచ్చారు, దాన్ని కొమ్మకి ఆనించి నేనెక్కి, చేతికి అందినంత మేర వాడి నడుము పట్టుకుని ముడి జరుపుతూ దింపా. నలభై నిమిషాలు పట్టింది. కింద పెట్టాక వాడి కాళ్లు నిలబడలేదు, మొద్దుబారిపోయాయన్నాడు. భుజం నొప్పేలే, కాళ్లు కూర్చుని కూర్చుని తిమ్మిరెక్కాయి అనుకుని నీళ్లిచ్చి మజ్జిగిచ్చి ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాం. వాడు బానే ఉన్నాడు, ఇప్పటికీ మాతోనే ఉన్నాడు.

బెంగుళూరులో రెస్క్యూ క్లాసులో ఒకావిడ చెప్పింది. హార్నెస్‌లో కాళ్లు కదపకుండా వేలాడితే కాళ్ల పట్టీల దగ్గర నొక్కుకుని రక్తం కాళ్లలోనే ఉండిపోతది, తలకి అందదు, మనిషి స్పృహ తప్పుతాడు, అరగంట కూడా పట్టకుండా ప్రాణం మీదకి రావచ్చు అని. నేను నలభై నిమిషాల లెక్క వేసుకున్నా. ఆ తర్వాత ఆవిడ ఏం చెప్పిందో నాకు ఒక్క ముక్క ఎక్కలేదు, బయటికొచ్చి ఆ గుంటడికి ఫోన్ చేశా. ఏటన్నా అన్నాడు. ఏం లేదురా, తిన్నావా అన్నా.

మధ్యాహ్నం బయట డెమో. మనిషంత బొమ్మని చెట్టు మీద కట్టేశారు. గడియారం నొక్కారు. ఎక్కే అమ్మాయి ముందు ఎక్కలేదు, అది చూడండి. ముందు కింద నిలబడి చుట్టూ చూసింది, కరెంటు తీగ ఉందా, వేలాడే కొమ్మ ఉందా, తేనెపట్టు ఉందా. పక్కోడికి అంబులెన్సుకి ఫోన్ చెయ్యి అని చెప్పింది. పైనున్న బొమ్మని పేరు పెట్టి పిలిచి మాట్లాడుతూనే ఉంది, నేను వస్తన్నా, కాళ్లు కదుపుతూ ఉండు అని. అప్పుడు ముందే వేసి ఉంచిన రెండో తాడు మీద ఎక్కి, బొమ్మ హార్నెస్‌ని తన దానికి తగిలించి, మెల్లగా ఇద్దరూ కలిసి దిగారు. నేను చూసింది ఆ రెండో తాడునే. పని మొదలెట్టకముందే వేసి, ఎవరూ వాడకుండా, ఊరికే వేలాడుతున్న తాడు. మొన్నటిదాకా అలాంటి తాడు కనిపిస్తే ఖాళీగా ఉందెందుకురా అని విప్పించేవాణ్ణి.

మన సామాను తీసుకెళ్లాలా?

తీసుకెళ్లండి. కొన్నిచోట్ల చెట్టు దగ్గరికి రానిచ్చే ముందే సామాను చెక్ చేస్తారు. నా తాడుని ఒకాయన కళ్లు మూసుకుని రెండు వేళ్ల మధ్య జరుపుకుంటూ పోయాడు, మన అమ్మలు దారంలో ముడి వెతుకుతారు చూడండి అలా. ఓ చోట ఆగి, ఇక్కడ పట్టుకో అన్నాడు. పట్టుకుంటే చదునుగా, గట్టిగా ఉంది, లోపలి పోగు దెబ్బతింది. బయటికి కొత్తదానిలాగే ఉంది. ఆ తాడు మీద నేను నెల రోజుల నుంచి ఎక్కుతన్నా. ఇక కారాబైనర్లు, అంటే తాడుని హార్నెస్‌కి తగిలించే కొక్కేలు, ఆన్‌లైన్లో చవగ్గా కొన్నవి నాలుగు, వాటి మీద బలం ఎంతో గుర్తే లేదు. మంచిదానికి వెన్ను మీద కిలోన్యూటన్లలో అచ్చు వేసి ఉంటది, 23 అని ఉంటే రెండు వేల మూడొందల కేజీల పైమాట. గుర్తు లేనివి పక్కన పెట్టేశాడు, తాళంచెవులకి వాడుకో అన్నాడు. అందరి ముందూ. చెవులు కాలిపోయాయి నాకు, కానీ ఇప్పుడు తల్చుకుంటే టికెట్టు డబ్బులు అక్కడే వచ్చేశాయి.

తాడు మీద నల్ల పెన్నుతో కొన్న నెల, ఏడాది రాసి తీసుకెళ్లండి, మర్యాదగా ఉంటది. తాడు మధ్యలో రాయొద్దు, చివర టేపు చుట్టి దాని మీద రాయండి.

రైల్లో విమానంలో రంపాలు ఒప్పుకుంటారా?

విమానంలో చేతి రంపం, కత్తి కేబిన్ బ్యాగులో పెడితే తీసేసుకుంటారు, చెకిన్ లగేజీలో వేయాలి. పెట్రోలు పోసి వాడిన మిషను రంపం ఊసే ఎత్తొద్దు, ఇంట్లో వదిలేయండి, అక్కడ ఉంటాయి. రైలయితే కత్తిని ఒరలో పెట్టి బట్టల మధ్యలో చుట్టండి. బెంగుళూరుకి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఉంది, పలాసలోనూ శ్రీకాకుళం రోడ్డులోనూ ఆగుతుంది, ఎక్కి పడుకోవడమే. తాళ్ల సంచీ తలకింద పెట్టుకుంటే మెడ పట్టేస్తది, చెప్పలేదనొద్దు.

ఏ నెలలో వెళ్తే మంచిది?

అక్టోబర్ మాత్రం వద్దు. ఫైలిన్ 2013 అక్టోబరు 12, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు 11. మూడూ అవే తారీకులకి వచ్చాయి, మనోళ్లకి ఆ వారం వస్తే చాలు గుండెలో రాయి పడుద్ది. తిత్లీ పలాస దగ్గర తీరం దాటిన పొద్దున మా ఊర్లో లేచి చూస్తే ఆకాశం ఎక్కువైపోయింది, కొబ్బరి చెట్లు లేక. కొన్ని వేళ్లతో లేచాయి, కొన్నిటికి తల ఊడిపోయింది. దారిలో చెట్లు పడిపోయి ఊరికి ఊరికీ సంబంధం లేదు, మిషను రంపం ఉన్నోడే ఆ వారం కలెక్టరు. ఆ రోజుల్లో మనం ఊళ్లోనే ఉండాలి.

అందుకే ఫిబ్రవరి, మార్చి, లేకపోతే ఆగస్టు చివర చూసుకోండి.

ఖర్చెంత అవుద్ది? కూలి పోతది కదా?

పోతది. రిజిస్ట్రేషను, రైలు, రూము, ఆపైన నాలుగైదు రోజుల కూలి. ఫీజు ముందే కడితే తగ్గిస్తారు, చివర్రోజుల్లో కడితే ఎక్కువ. ఇంకో దారి ఉంది, వాలంటీర్లు కావాలా అని మెయిల్ పెట్టండి. తాళ్లు మోయడం, చెట్టు చుట్టూ రిబ్బను కట్టడం, జనాన్ని వెనక్కి జరపడం, ఈ పనులకి మనుషులు కావాలి వాళ్లకి. నేను రెండోసారి అలాగే వెళ్లా, ఫీజు లేదు, భోజనం పెట్టారు, పైగా గీత లోపల నిలబడ్డా కాబట్టి అందరికన్నా దగ్గర్నుంచి చూశా.

అప్పు చేసి మాత్రం వెళ్లొద్దు. ఒకాయన నన్ను అడిగి, వద్దన్నా వినకుండా నగ తాకట్టు పెట్టి వెళ్లి, స్టాల్లో ఎక్కేయంత్రం కొనుక్కొచ్చాడు, అది ఇప్పుడు వాళ్లింట్లో గోడకి అలంకారం.

స్టాళ్లలో సామాను కొనొచ్చా?

పై ఆయన్ని తల్చుకోండి. మొదటిరోజు పర్సు రూములో వదిలి వెళ్లండి. రెండోరోజు ఒక్క వస్తువు కొనండి, అది హెల్మెట్ అయితే సంతోషం, గడ్డం కింద పట్టీ ఉన్నది. బండి హెల్మెట్ పెట్టుకుని చెట్టెక్కేవాళ్లని చూశా నేను, పైకి తలెత్తి చూడ్డానికి కూడా రాదు దాంతో.

అక్కడ నేర్చింది మన చెట్లకి పనికొస్తదా? మన చింత, వేప, రావి వాళ్లకేం తెలుసు?

కోత పద్ధతి ఏ చెట్టుకైనా ఒకటే. కొమ్మ మానుని కలిసే చోట ఉబ్బెత్తుగా ఒక కట్టు ఉంటది, చొక్కా కాలరులాగా. ఆ ఉబ్బు తీసేయకూడదు, దాని బయట కోయాలి. మనం నున్నగా ఉండాలని మానుకి అంటుకుని కోసేస్తాం, ఇంటాయన కూడా చెయ్యి వేసి తడిమి బాగుందంటాడు, లోపల కుళ్లు మొదలవుద్ది. అమెరికాలో అలెక్స్ షైగో అని ఒక శాస్త్రవేత్త ఉండేవాడు, 2006లో పోయాడు. వేల చెట్లని మిషను రంపంతో నిలువునా చీల్చి చూసి చెప్పిన సంగతి ఇది. చెట్టుకి గాయం మానదు, మన చర్మం మానినట్టు కొత్త కండ రాదు. గాయం చుట్టూ గోడ కట్టుకుని కుళ్లుని లోపలే బంధించేస్తది, పైన కొత్త చెక్క పెరిగి కప్పేస్తది. ఆ గోడ కట్టే చోటు ఉన్నది ఈ కాలరు దగ్గరే. తారు, పెయింటు పూస్తే లాభం లేదని కూడా ఆయన పరిశోధనల్లోంచే వచ్చింది. నేను పదేళ్లు తారు పూశా, డబ్బా డబ్బాలు.

పెద్ద కొమ్మ అయితే మూడు కోతలు. ముందు మానుకి అడుగు దూరంలో కింది నుంచి కొంచెం, తర్వాత దానికి కాస్త బయట పైనుంచి పూర్తిగా, కొమ్మ పడిపోయాక మిగిలిన మొండెం కాలరు బయట. ఒకటే కోత పైనుంచి వేస్తే కొమ్మ బరువుకి బెరడు చీరుకుంటూ కిందకంటా వస్తది, మామిడికి అలా చీరుకుపోవడం చూడని మనిషి ఉండడు మన వైపు.

ఇక తల నరికేయడం. తుఫానుకి భయపడి మొత్తం పైన కొట్టేయండి అంటారు. కొట్టేస్తే గుత్తులు గుత్తులుగా కొత్త చిగుళ్లు వస్తాయి, అవి పైపైనే అతుక్కుని ఉంటాయి, నాలుగేళ్లలో లావై, గాలికి అవే ముందు విరిగి మీ రేకుల మీద పడతాయి. ఇది నేను చెప్తే పని తప్పించుకోడానికి అనుకుంటారు. అందుకని ఓ పాత చింత ఫోటో ఫోన్లో పెట్టుకున్నా, అది చూపిస్తా.

వాళ్లు చెప్పనివి రెండు ఉన్నాయి. ఒకటి కరెంటు తీగలు, మన దగ్గర పని మొదలెట్టే ముందు ఈపీడీసీఎల్ లైన్‌మెన్‌తో ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ తీగలో కరెంటు ఆపించడం) తీయించుకోవాలి, తీగకి తగల్దులే అనే మాట మీద ఎక్కొద్దు. రెండోది, గూళ్లున్న చెట్టు సీజనయ్యేదాకా ఆపమని అక్కడ గంట క్లాసు చెప్పారు, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి వాళ్లకి ఈ క్లాసు అక్కర్లేదు. వానలకి ముందు కొంగలు వచ్చి ఇళ్ల మధ్య చింతచెట్ల మీద గూళ్లు పెడితే, రెట్టలు నెత్తిన పడినా ఆ ఊళ్లో ఎవరూ కొమ్మ ముట్టుకోరు. ఇది మైకులో చెప్పా నేను. వచ్చీరాని ఇంగ్లీషులోనే.

సర్టిఫికెట్ ఇస్తారా?

వెళ్లినందుకు ఒక కాయితం ఇస్తారు, గోడకి బాగుంటది, దాని విలువ అంతే. ఐఎస్ఏ సర్టిఫైడ్ అర్బరిస్ట్ అంటే వేరే పరీక్ష, మామూలుగా మూడేళ్ల పని అనుభవం ఉండాలి, రెండొందల ప్రశ్నలు, పాసయ్యాక కూడా మూడేళ్లకోసారి క్లాసులు విన్నట్టు లెక్క చూపించాలి. ఎక్కేవాళ్లకి విడిగా ఇంకోటి ఉంది, అందులో చెట్టెక్కి చూపించాలి, రెస్క్యూ కూడా చేసి చూపించాలి.

ఆడవాళ్లు వెళ్లొచ్చా?

ఎందుకెళ్లకూడదు. కేరళలో మిషనుతో కొబ్బరి ఎక్కేవాళ్లలో ఆడవాళ్లు బోలెడుమంది, చెట్లెక్కే పోటీల్లో ఆడవాళ్ల విభాగం ఉంది. మా అప్ప ఈ ఫోటోలు చూసి, మనూర్లో నేనెక్కితే ఊరంతా కింద నిలబడి చూస్తారురా అంది. అన్నా కూడా, మిషను ఎంతుంటది అని మర్నాడు అడిగింది.

తిండి?

కేరళలో చేపల పులుసు బాగుంది. బెంగుళూరులో సాంబారు తియ్యగా ఉంది. ఆవకాయ చిన్న సీసా పట్టుకెళ్లండి, స్నేహాలు కలుస్తాయి.

ఇన్సూరెన్స్ సంగతి?

కొబ్బరి ఎక్కేవాళ్లకి బోర్డు తరఫున ‘కేర సురక్ష’ అని ప్రమాద బీమా ఉంది. ప్రీమియం ఎంత, కవరేజీ ఎంత అనేది మారుతూ ఉంటది కాబట్టి ఆ ఏడాది లెక్క బోర్డు ఆఫీసులోనే అడగండి. కాన్ఫరెన్సు స్టాల్లో వాళ్లుంటే అక్కడికక్కడే ఫారం నింపేయండి, ఇంటికొచ్చి నింపుదాంలే అనుకున్న ఫారం నాది ఇంకా సంచిలోనే ఉంది, ఈ వారం పంపుతా.

ఒక్కణ్ణే వెళ్లాలా, జట్టుగానా?

ఇద్దరు వెళ్లండి. ఒక్కడు నేర్చుకొస్తే లాభం లేదు, పైన ఇరుక్కుపోయేది ఆ నేర్చుకున్నోడే అయితే కిందున్న వాళ్లకి ఏం తెలుసు. మేం ఇప్పుడు నెలకో ఆదివారం పొద్దున్నే ప్రాక్టీసు పెట్టుకున్నాం, శ్రీకాకుళం బయట తెలిసినాయన తోటలో పెద్ద నిద్రగన్నేరు ఉంది. పాత ప్యాంటూ చొక్కాలో ఇసక గోతాలు కుక్కి బొమ్మ చేశాం, యాభై కేజీల పైన తూగుద్ది. పైకి లాగి కట్టేసి, ఒక్కొక్కళ్లం దింపుతాం, ఆ భుజం దెబ్బ తిన్న గుంటడే ఫోన్లో టైము నొక్కుతాడు. మొదటిసారి నాకు ఇరవై రెండు నిమిషాలు పట్టింది, పోయిన నెల తొమ్మిది. వాడికి ఏడు. రావాలనుకుంటే రండి, హెల్మెట్ మీదే తెచ్చుకోవాలి, ఆరింటికల్లా మొదలెట్టేస్తాం, తర్వాత ఎండ.